జీవసమాధి యాడుండేది?

మదనపల్లె మున్సిపల్ పార్కు గేటు తీయకముందే మైమూనా వచ్చి నిలబడింది. పుంగనూరు నుంచి మొదటి బస్సుకే వచ్చేసింది. కొత్తగా బాగుచేసిన పార్కులో చేపల కొలనుకు గుంత తవ్వబోతున్నారని నిన్న బీడీల షాపులో ఎవరో అంటుంటే విన్నది. అంతే! చుడుతున్న బీడీ చేతిలోంచి జారిపోయింది.

వాచ్‌మన్ గురప్ప తాళం తీస్తూ ఆమెను ఎగాదిగా చూశాడు. ఏడేళ్ల కిందట, డెబ్బై ఆరులో, ఇదే స్థలంలో ఎగ్జిబిషన్ నడిచేటప్పుడు అతను గేటు దగ్గర టికెట్లు చించేవాడు.

“మైమూనా! నువ్వేనా? ఎంత సిక్కిపోయినావమ్మా!”

“గురప్పన్నా, కొలను యాడ తవ్వుతారు?”

బాగున్నావా అని లేదు, పిల్లలెట్లుండారని లేదు. గురప్పకు విషయం అర్థమైంది. గొంతు తగ్గించాడు.

“ఆ పక్క. సుట్టూ సున్నం గీత గీసినారు సూడు. రేపొద్దున మనుషులొస్తారు. ఆరడుగుల లోతంట.”

మైమూనా ఆ గీత వైపు నడిచింది. ఆ గీత లోపల తన మొగుడి గుంత ఉందో లేదో ఈ పూటే తేలాలి.

ఆమె మొగుడు అలావుద్దీన్ ఆ ఎగ్జిబిషన్లో జీవసమాధి ఆట ఆడేవాడు. గుంతలో దిగి పడుకుంటే పైన పలకలు పరిచి మన్ను పోసేవాళ్లు. మూడో రోజు లేచి వచ్చి జనానికి దండం పెట్టేవాడు. జనానికి తెలియనిదేమంటే, గుంతలోంచి వెనక గుడారంలోకి దొంగదారి ఉండేది. పొద్దు గూకగానే పాక్కుంటూ వచ్చి, కడుపునిండా తిని, మళ్లీ పోయి పడుకునేవాడు. జుట్టు విరబోసుకుని గుంత పక్కన మూడు రోజులూ ఏడవడం మైమూనా పని. సగం టికెట్లు ఆ ఏడుపుకే తెగేవి.

ఆఖరిసారి ఆడినప్పుడు కుండపోత వాన పట్టుకుంది. గుంత కుంగి దొంగదారికి మన్ను అడ్డం పడింది. అలావుద్దీన్ ముందే బయటపడి కుప్పం బస్సెక్కాడని అందరూ అనుకున్నారు. మనిషి మాత్రం మళ్లీ ఎవరికీ కనబడలేదు.

ఇప్పుడు ఆ స్థలానికి ఆనవాలే లేదు. నేలంతా చదును చేసి సిమెంటు బాటలు పోశారు. మైమూనా దిక్కులు చూసింది.

“జెయింటు వీలు ఈడ కదన్నా?”

“కాదమ్మా, ఆ సిమెంటు జింక ఉండే తావులో. దాని పక్కనే మరణబావి. సర్దార్ కండ్లకు గంతలు కట్టుకోని మోటార్‌సైకిల్ తిప్పుతాంటే, పైన ఆడోళ్లు దేవుళ్లందరికీ మొక్కుకునేటోళ్లు!”

“మరి అద్దాల మహల్?”

“ఏం సెప్పేది! ఆ తావులో మగోళ్ల మరుగుదొడ్డి కట్టినారు.” గురప్ప నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

“జీవసమాధి యాడుండేది?”

“అద్దాల మహల్ వాకిలి నుంచి మరణబావి దిక్కుకు ఇరవై అడుగులు. జనాన్ని లైన్లో నిలబెట్టింది నేనే గదా, మర్చిపోతానా?”

మరుగుదొడ్డి గోడ దగ్గర నిలబడి గురప్ప అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వెనకే మైమూనా పెదవులు కదుపుతూ నడిచింది. పదిహేడో అడుగుకు సున్నం గీత దాటారు. ఇరవైకి సరిగ్గా దాని నడిమధ్యలో ఉన్నారు.

మైమూనా అక్కడే కూలబడింది. గురప్ప కాళ్లు పట్టుకుంది.

“అన్నా, ఈ గీతలు కాస్త పక్కకు జరుపన్నా! నీకు పుణ్యముంటాది. ఆయన మింద గడ్డపార పడకూడదు.”

గురప్ప కళ్లలో నీళ్లు తిరిగాయి. “వాడు నిన్ను గొడ్డును బాదినట్ల బాదేటోడు. గుడారాలన్నిటికీ తెలుసు. అట్లాటోని కోసరం ఏడేండ్లుగా ఏడుస్తాండావా? నువ్వు మహాతల్లివమ్మా!”

“జరుపన్నా!”

“జరిపేది కాదు, తవ్వాల్సిందే. నాకు ఆ పొద్దే అనుమానం. వాడు బయటపడితే నా గేటు దాటే గదా పోవల్ల? నా కంట పడనే లేదు. వాడు బయటికొచ్చినాడని ఎవురో ఎగ్జిబిషన్ ఓనరుకు అబద్ధం సెప్పినారు. ఆ మాట నమ్మే గదా ఆయన గుంత పూడ్పిచ్చేసింది! లేకుంటే దొంగదారిలో దూరి ఎట్లో ఒకట్ల లాగేసేటోళ్లం.”

మైమూనా అతని కాళ్లు వదిలేసింది. “ఓనరుకు గుర్తుంటాదా, ఎవురు సెప్పినారో?”

“లక్ష్మీపతి మర్చిపోయే మనిషా? కుప్పంలోనే ఉండాడు. నిన్న బస్సు డ్రైవరుతో కబురంపినా. రేపొద్దున వస్తాండాడు. గుంత కాడ నిలబెట్టి అడుగుతా. ఆ పేరు ఆయన నోట్లోంచి రానీ, నేనే గల్లా పట్టి స్టేషన్‌కు ఈడ్చకపోతే సూడు! నువ్వు దిగులు పడాకు తల్లీ, టీ తెస్తా ఉండు.”

అతను గబగబా గేటు వైపు వెళ్లిపోయాడు. మైమూనాకు ఒళ్లంతా చెమట పట్టింది. ఎండ ఇంకా ఎక్కనే లేదు. సున్నం గీత నడుమ చతికిలబడి, రెండు చేతులతో నేలను అదిమి పట్టుకుంది.

ఏడేళ్ల కిందట ఆ వానలో లక్ష్మీపతి పరిగెత్తుకుంటూ వచ్చి “మీ ఆయన బయటికొచ్చినాడా?” అని అడిగినప్పుడు, కిందనుంచి పలకల మీద గుద్దుతున్న చప్పుడు వింటూనే, “వచ్చేసినాడప్పా, కుప్పం బస్సెక్కినాడు” అని చెప్పింది ఆమే.