జడివాన ముఖం

"ముసుగు ఊడిరావడానికి వీల్లేదు" అన్నారు మాస్టారు.

మేనేజరు చేతిలోని బొమ్మను బల్ల మీద నిలబెట్టాడు. జానెడు బొమ్మ. నీలం చొక్కా, పొడవాటి వానకోటు, కళ్ళ దగ్గర రెండు చిల్లులు తప్ప ముఖమంతా కప్పేసిన నల్ల ముసుగు. ముప్ఫయ్యేళ్ళ కిందట పిల్లల బొమ్మల కథల్లో వెలిగి, తర్వాత అందరూ మరిచిపోయిన వీరుడు జడివాన. వాణ్ణి పుట్టించిందీ, గీసిందీ మాస్టారే. అలా మరుగునపడ్డ వీరులను ఏరి, బొమ్మలు చేసి, అందమైన పెట్టెల్లో పెట్టి అమ్మే కంపెనీ ఇది. ఒకప్పుడు ఆ కథలు చదివిన పిల్లలు ఇప్పుడు ఆ బొమ్మలు కొని అద్దాల బీరువాల్లో దాచుకుంటున్నారు.

"మిగతా వీరులకి తలా ఒక కిటుకు పెట్టాం మాస్టారూ. ఒకడికి రెక్కలు విచ్చుకుంటాయి, ఇంకొకడికి కత్తి వెలుగుతుంది. మీవాడికి ముసుగు తప్ప ఏముంది చెప్పండి? అది తీస్తే కింద ముఖం ఉండాలి. అందరూ అదే అడుగుతున్నారు."

"ఒక్క కథలో కూడా వాడు ముసుగు తియ్యలేదు."

"తియ్యలేదు కాబట్టే అడుగుతున్నారు."

"నేను కాదంటే?"

"జడివానని పక్కన పెట్టేస్తాం. లేదా మావాళ్ళే ఏదో ఒక ముఖం పెట్టేస్తారు. కోటేరు ముక్కు, కోరమీసం. చూడ్డానికి బాగానే ఉంటుంది."

మాస్టారు కుర్చీలోంచి లేచారు. "ఎవడి ముఖమో తెచ్చి వాడికి అతికిస్తావా?"

ఆ గొంతుకి అవతల రంగులు వేస్తున్నవాళ్ళు కుంచెలు ఆపి చూశారు. మేనేజరు గొంతు తగ్గించాడు.

"పోనీ మీరే చెప్పండి. మా బొమ్మలమ్మాయి మలుస్తుంది. మీకు నచ్చేదాకా ఎవరికీ చూపించం."

మాస్టారు ఆ బొమ్మను చేతిలోకి తీసుకుని, వానకోటు మడత సరిచేసి, మళ్ళీ బల్ల మీద పెట్టారు. తర్వాత కిటికీ పక్కన కూర్చున్న బొమ్మలమ్మాయి దగ్గరికి వెళ్ళి స్టూలు లాక్కున్నారు. మేనేజరు అదే చాలనుకుని తన గదిలోకి జారుకున్నాడు.

అచ్చు తీసేముందు తలను కొంచెం పెద్దగా మలుస్తారు. ఆ అమ్మాయి గుప్పెడు బంకమట్టిని ఊచకి గుచ్చి, రెండు బొటనవేళ్ళతో కళ్ళ గుంటలు నొక్కింది.

"వయసెంత ఉంటుంది మాస్టారూ?"

"ముప్ఫై ఆరు."

"నుదురు?"

"వెడల్పు. ఈమధ్యే జుట్టు కాస్త వెనక్కి జరుగుతోంది."

అమ్మాయి నవ్వింది. "వీరుడికి బట్టతలా? కొనేవాళ్ళు కొట్టడానికొస్తారు."

"బట్టతల కాదమ్మాయ్. నుదురు కొంచెం పెద్దదవుతోంది, అంతే." ఆయన కూడా కాస్త నవ్వారు. "ముక్కు మరీ అంత నిటారుగా వద్దు. ఆ, అంతే. చెవులు కొంచెం బయటికి లాగు. ఇంకొంచెం."

ఆమె మట్టి తీస్తూ, అద్దుతూ పోయింది. ఆయన తడుముకోకుండా చెబుతూ పోయారు. నవ్వితే ఎడమ బుగ్గ ముందు కదులుతుందట. గడ్డం రోజూ గీసుకోడు, బద్ధకం. కళ్ళ కింద కాస్త అలసట. కళ్ళజోడు ఉంది కాని, ముసుగు వేసుకునేటప్పుడు తీసి జేబులో పెట్టుకుంటాడు. అమ్మాయి పుల్లతో ముక్కు పక్కన అద్దాల ఒత్తుడు గుర్తులు కూడా చిన్నగా నొక్కింది. మాస్టారు తల ఊపారు.

"ఎవరినైనా మనసులో పెట్టుకుని చెబుతున్నారా?" అని అడిగింది. "ఇంత వివరంగా ఎవరూ చెప్పరు."

"రోజూ చూస్తూనే ఉంటాను" అన్నారాయన.

ముఖం పూర్తయ్యేసరికి మాస్టారు స్టూలు ఇంకా దగ్గరికి జరుపుకున్నారు. చివరికి అమ్మాయి ఊచను ఆయన వైపు తిప్పింది. ఆయన చెయ్యి చాపబోయి, మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఏమైనా మార్చాలా?"

"వద్దు తల్లీ."

అప్పుడే తలుపు తోసుకుని ఆయన భార్య వచ్చింది. "అన్నానికి రాలేదు, మందు వేసుకోలేదు. ఫోనెత్తరు. ఏమయ్యారోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చాను" అంటూనే దగ్గరికొచ్చింది. బల్ల మీదున్న ముఖం ఆమె కంటబడింది.

చేతిసంచి కింద పెట్టింది. వంగి చూసింది. తడి మట్టి అని చెప్పేలోపే ఆ చెంప మీద వేలు ఆనించింది.

"ఏంటండీ, ఇలా చిక్కిపోయాడు?" అంది మెల్లగా.

"పనెక్కువ" అన్నారు మాస్టారు.

"ఆ చెవులు మా నాన్నవే."

"అవును."

"వేళకి తినడు కాబోలు."

మాస్టారు లేచి, కుళాయి దగ్గరికి వెళ్ళి, మట్టే అంటని చేతులు కడుక్కుంటూ నిలబడ్డారు.

అమ్మాయికి సంగతి అర్థమై ముఖం విప్పారింది. "మీ అబ్బాయా అమ్మా? మాస్టారు ఒక్క ముక్క కూడా చెప్పలేదు చూడండి. ఒకసారి ఆయన్ని ఇక్కడికి రమ్మనండి. ఎదురుగా కూర్చోబెట్టుకుంటే ఇంకా బాగా పోలిక తెస్తాను."

మాస్టారి భార్య ఆ మట్టి ముఖం మీంచి చూపు తిప్పలేదు.

"వాడు ఆరో ఏటే పోయాడమ్మా" అంది. "ఇంత పెద్దవాణ్ణి నేనూ ఇప్పుడే చూస్తున్నాను."