ఎడమ దిక్కు మీట

"ఎక్స్ అంటే ఏది నొక్కాలె?" అడిగింది రాధ.

"ఎడమ దిక్కుది."

"ఆఁ. జలపతి ఇచ్చే రిమోట్ మీద ఇంటూ గుర్తు కింద ఉంటది. గా గుర్తు సూసినోళ్ళందరు ఆగమైతున్నరు."

"జాగ చెప్పు చాలు. గుర్తు నాకెందుకు?" అన్నాడు చంద్రమౌళి.

రాధ మొగుడి బొటనవేలు పట్టుకుని మళ్ళీ ఒక్కో మీట మీదా పెట్టింది. కోరుట్లలో రాధ వాళ్ళక్క ఇంట్లో కంప్యూటర్, అందులో అదే ఆట ఉన్నాయి. వేసవంతా అక్కడే సాధన.

సిరిసిల్లలో జలపతికి గేమ్ సెంటర్ ఉంది. అక్కడ ఆడేది టీవీకి తగిలించే గేమ్ పెట్టె కోసం తయారుచేసి, తర్వాత కంప్యూటర్‌కి ఎక్కించిన కుస్తీ ఆట. ఏ మీట నొక్కాలో తెర ఎప్పుడూ ఎక్స్, వై లాంటి అక్షరాలతోనే చూపిస్తుంది. అక్షరాలున్న రిమోట్ జలపతి తన దగ్గరే ఉంచుకుంటాడు. ఎదుటివాడికి గుర్తులున్నది అంటగడతాడు. దుబాయ్ వీసాలు అమ్మేటప్పుడూ అదే దొంగబుద్ధి.

చంద్రమౌళి మరమగ్గాల షెడ్డులో పెరిగినవాడు. ఏ మూల ఏ సాంచా ఆగిందో గుమ్మంలోంచే చప్పుడు విని చెప్పేవాడు. పని పడిపోయినప్పుడు "సూపర్ మార్కెట్‌ల కొలువు" అని జలపతి దుబాయ్ పంపాడు. తీరా కెమికల్ ట్యాంకులు కడిగే పనిలో దించాడు. ఏడాది తిరక్కుండానే వాపసు వచ్చి, చంద్రమౌళి కేసు పెట్టాడు. ఇప్పుడు తమ్ముడు అక్షయ్ పాస్‌పోర్టు కూడా జలపతి సొరుగులోనే ఉంది. అడిగితే ఇవ్వడు. చంద్రమౌళి రాధను వెంటబెట్టుకుని, కుర్రాళ్ళతో నిండిన గేమ్ సెంటర్‌కి వెళ్ళాడు.

"ఆడుదాం జలపతన్నా. ఓడితే కేసు వాపస్ తీసుకుంట. గెలిస్తే మా తమ్ముని పాస్‌పోర్టు ఇచ్చెయ్."

జలపతి పడీపడీ నవ్వాడు. "నువ్వా! నాతోనా! గీళ్ళందరు సాచ్ఛెం మరి. కూసో."

"సౌండ్ జర పెంచు."

"డీజే పెట్టుమన్నా పెడత."

మొదటి ఆట చంద్రమౌళిదే. జలపతి నవ్వు ఆగిపోయింది.

"నీ రిమోట్‌ల ఏదో మతలబున్నది. ఇటియ్యి, మార్చుకొని ఇంకోటి ఆడుదాం."

మార్చుకున్నారు. చంద్రమౌళికి ఏ తేడా పడలేదు. అతని పహిల్వాన్ వెళ్ళి జలపతి పహిల్వాన్ మెడ బిగించాడు. విడిపించుకోవాలంటే ఎక్స్ నొక్కమంది తెర. జలపతి గాబరాగా చేతిలోకి చూసి ఇంటూ గుర్తు టకటకా నొక్కాడు. అది వేరే మీట. ఎవరు తీసిన గోతిలో వారే పడతారు. పహిల్వాన్ నేల కరిచాడు. సెంటరంతా ఈలలు.

అందరి ముందూ మాటిచ్చాడు కాబట్టి జలపతి సొరుగు లాగి పాస్‌పోర్టు విసిరేశాడు. రాధ తెరిచి చూసి, "అక్షయ్‌దే," అంది.

"గా ట్యాంకులల్ల నా కండ్లు రెండూ పోగొట్టినవ్ గని జలపతన్నా, చేతులు ఇడిసిపెట్టి తప్పు చేసినవ్," అంటూ చంద్రమౌళి రాధ భుజం మీద చెయ్యి వేసి, కాలితో ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగాడు.