పాలపన్ను

డాక్టరమ్మ మా బుజ్జిదాని పైపెదవి ఎత్తి, నల్లబడ్డ ముందుపన్నును అద్దం కాడతో మెల్లగా తట్టింది.

"బండి మీంచి పడ్డప్పుడు దెబ్బ లోపలికి తగిలిందండీ. ఈ పన్ను చచ్చిపోయింది."

ఆ మాట వినగానే బుజ్జిది నా చొక్కా గట్టిగా పట్టుకుంది. డాక్టరమ్మ నవ్వింది.

"భయమెందుకే పిచ్చితల్లీ, ఇది పాలపన్నే. ఇది ఊడితే అసలుది వస్తుంది. దెబ్బ దానికీ తగిలుంటే మచ్చతోనో వంకరగానో వస్తుందేమో గానీ, రావడం మాత్రం ఖాయం."

"చచ్చిపోయినా వస్తుందా?"

"పాలపన్ను కదమ్మా, వస్తుంది."

బుజ్జిది ఒక్కో మెట్టూ దిగింది. గుమ్మం దగ్గర నా వేలు పట్టి ఆపింది.

"నాన్నా, అమ్మ కూడా నాతోపాటే బండి మీంచి పడింది కదా. తనూ పాల అమ్మేనా?"

నేను నోరు విప్పేలోపే, తనే నాకు సర్దిచెప్పింది.

"మచ్చలతో వచ్చినా పర్లేదులే నాన్నా."