ఎలుక వెనకదారి

వరిచేను గట్టులో ఒక ఎలుక కాపురముండేది. ఆపద వేళ తప్పించుకోవడానికి ప్రతి ఎలుకా తన బొరియకు ఒక వెనకదారి తవ్వుకుంటుంది. ఈ ఎలుక మాత్రం, ఎప్పటికైనా పనికొస్తాయని, ఆ దారి నిండా కొబ్బరి పీచు, చిరిగిన గోనెలు, గింజలు రాలిన మొక్కజొన్న కంకులు కుక్కి పెట్టింది.

"వానలు దగ్గరపడ్డాయక్కా, ఆ దారి ఖాళీ చేసుకోరాదూ? నేనైతే ఇరుకనిపిస్తే ఒంటిమీది పెంకునే వదిలేస్తాను" అంది పొరుగున ఉండే పీత.

ఊరికే ఎవరైనా మంచి చెబుతారా? సామాను బయట పడేస్తే ఎత్తుకుపోవాలనో, ఖాళీ అయిన దారిలో తానే చేరాలనో దీని ఎత్తుగడ అయి ఉంటుందని ఎలుకకు అనుమానం కలిగింది.

"నీ పెంకు నీ ఇష్టం తల్లీ! నా ఇంటిమీద నీకు కన్నెందుకు?" అని, ఆ రోజే వెనకదారిని మరింత బిగించింది.

వాన రానే వచ్చింది. చేను నిండి, నీళ్లు ముందువాకిలి గుండా బొరియలోకి చొరబడ్డాయి. ఎలుక వెనక్కి పరుగెత్తింది గాని, దాని సామానే దానికి అడ్డుగోడ అయింది. నీరు మెడదాకా వచ్చేసరికి, అవతలి నుంచి ఎవరో గోనెను లాగుతున్నట్టు తెలిసింది.

"అనుకుంటూనే ఉన్నాను, దొంగదానా!" అని అరిచి, ఎలుక గోనె కొసను పళ్లతో కరిచి పట్టింది. పీత కత్తెరలాంటి ముందుకాళ్లతో ఇంకా బలంగా లాగింది. గోనెతోపాటు ఎలుకా గట్టుమీద వచ్చి పడింది.

పీత గోనెను అక్కడే వదిలేసి, పక్కకు నడుచుకుంటూ వెళ్లిపోయింది. ఎలుక చాలాసేపు వానలో తడుస్తూ కూర్చుంది. ఇందులో పీతకు ఏం లాభమో, ఎంత ఆలోచించినా దానికి అంతుపట్టలేదు.