గవ్వ మెడలో పట్టీ

కుక్కల తరఫున మాట్లాడే మెడపట్టీలు వచ్చాక విశాఖలో మొరిగే కుక్కే లేదు. వాటి కబుర్లు వినడమే జనానికి సినిమా, షికారూ.

హైమవతి పెంచుకునే కుక్క గవ్వ తిండి మానేసి మూలన పడింది. మెడలోని పట్టీ మాత్రం, "బానే ఉన్నానమ్మా! ఆడుకుందామా?" అంటోంది హుషారుగా.

ఆమె దాన్నెత్తుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

"నొప్పేమైనా ఉందా?" డాక్టరు పట్టీనే అడిగాడు.

"లేదండీ!" అంది పట్టీ.

"అదే లేదంటోంది కదమ్మా!"

"ఓసారి చేత్తో పట్టి చూడండి బాబూ."

"మాకవి నేర్పలేదమ్మా."

బయటికొచ్చి హైమవతి పట్టీ ఊడదీసింది. గవ్వ ఆమె కళ్లలోకి చూస్తూ సన్నగా మూలిగింది. దాహమంటోందో, నొప్పంటోందో, సెలవంటోందో ఆమెకు తెలియలేదు.

"ఏంటే తల్లీ, ఏం కావాలే?" అని దాని ప్రాణం పోయేదాకా అడుగుతూనే ఉంది.