ఎండలొడిసె బిడ్డో

పెళ్లికూతురు ఏడవడం లేదు.

ఫోటోగ్రాఫర్ ఐలేశానికి ముచ్చెమటలు పట్టాయి. మూఢం వచ్చేస్తోంది. ఈ ఎండాకాలానికి షాద్‌నగర్‌లో ఇదే ఆఖరి పెళ్లి. అప్పగింతల్లో ఏడుపు లేని వీడియో ఇచ్చాడంటే వచ్చే ఏడు అతని స్టూడియో గడప ఎవరూ తొక్కరు. ఇప్పటికే సగం పెళ్లిళ్లు డ్రోన్లు ఎగరేసే పట్నం పిల్లగాళ్లు తన్నుకుపోయారు.

పైగా పెళ్లికూతురి తల్లి కరుణ పొద్దున్నే చెప్పి పెట్టింది.

"అన్నా, మా సుస్మితను సాగనంపేది మంచిగ రావాలె. సూసినోళ్ల కండ్లల్ల నీళ్లు తిరగాలె."

తిరగాలంటే ఎక్కణ్నుంచి తిరుగుతాయి? అల్లుడి ఇల్లు రెండు వీధుల అవతలే. పిల్ల ఎప్పటిలాగే అదే బస్సెక్కి అదే కంపెనీకి పోతుంది. ఇంక ఏడుపెందుకు?

ఐలేశం తన పెన్‌డ్రైవ్‌లోని దిగులు పాటలన్నీ వరసపెట్టి వేయించాడు. ఎండాకాలం వెళ్లిపోయే రోజుల్లో ఎందరో తల్లుల కొంగులు తడిపిన పాటలవి. సుస్మిత వాటికి హాయిగా తలూపుతూ గొంతు కలుపుతోంది.

"జర తల వంచమ్మా. మీ బాపును యాజ్జేస్కో."

"బాపు గీడనే ఉన్నడు గదన్నా!" పకపకా నవ్వింది.

సరిగ్గా అప్పుడే ఒక ముసలామె ఫ్రేములోకి వచ్చి నిలబడింది. మాసిన చీర, భుజాన గొంగడి, కాళ్ల నిండా దుమ్ము.

పొద్దటి నుంచీ ఇదే తంతు. తలంబ్రాలప్పుడు వెనక తేలింది. అక్షింతలప్పుడు పక్కన తేలింది. ఎవరి తరఫు మనిషో ఎవరికీ తెలీదు. ప్రతిసారీ ఐలేశం చెయ్యూపి పక్కకు తోలుతూనే ఉన్నాడు.

"ఓ అవ్వా! ఎన్నిసార్లు చెప్పాలె? తిన్నవా? తింటే ఇగ పో."

"తిననీకె రాలేదు కొడుకా. పిల్లను ఒక్కసారి దగ్గరికెళ్లి సూస్త."

"సూడు, ఎవరొద్దన్నరు? పక్కకు జరిగి సూడు. ఇంకా... ఇంకా జర."

జరిగి జరిగి ఆమె స్తంభం వెనక్కి పోయింది.

కారు తలుపు తీశారు. పెళ్లికూతురు నవ్వుతూనే కాలు పెట్టబోయింది. అయిపోయింది, కొంప మునిగింది అనుకున్నాడు ఐలేశం.

స్తంభం వెనక నుంచి గొంతు లేచింది.

"ఎండలొడిసె బిడ్డో, మొగులు గమ్మె బిడ్డో...
మందలన్ని ఇల్లు జేరె బిడ్డో,
నువ్వు ఇల్లిడిసి పోతివి బిడ్డో..."

మైకు లేదు, డప్పు లేదు. జీరబోయిన ఒంటి గొంతు. బాక్సులవాడు తనంతట తానే పాట ఆపేశాడు.

సుస్మిత కాలు వెనక్కి తీసుకుంది. తల్లి మెడ పట్టుకుని భోరుమంది. కరుణ ఏడ్చింది, తండ్రి ఏడ్చాడు, ఆఖరికి మగపెళ్లివారు కూడా కళ్లు ఒత్తుకున్నారు.

"వచ్చింది దేవుడా!" ఐలేశం ఆబగా దగ్గరికి దూకాడు.

ముసలామె పాడుతూనే ముందుకొచ్చి పిల్ల తల నిమరబోయింది. ఐలేశం కెమెరా మీంచి కన్ను తీయకుండానే మోచేత్తో ఆమెను నెట్టేశాడు. ఆమె పక్కకు తప్పుకుంది. పాట మాత్రం ఆపలేదు.

ఆ వీడియో ఫోనుఫోనుకూ పాకింది. మూఢం పోకముందే ఐలేశానికి పెళ్లిళ్లు కుదిరాయి. పాడిందెవరని ఎవరైనా అడిగితే, "దారిన పోయే ముసలిది ఎవరో" అనేవాడు.

తొలకరి పడ్డాక ఒక పొద్దున, గొంగడి కప్పుకున్న కుర్రాడు స్టూడియో ముందు నిలబడ్డాడు.

"అన్నా, నా పేరు మల్లప్ప. మాది మక్తల్ దిక్కు. మా అమ్మ బక్కమ్మ పోయింది. దినాలకు ఫోటో పెట్టాలె. ఆధార్ మీది బొమ్మల మొఖమే ఆనతలేదు. సుస్మిత పెండ్లిల పాట పాడింది ఆమెనే. నీ కాడ యాడన్న ఒక్క ఫోటో ఉంటదని వచ్చిన."

ఐలేశం కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పొద్దున్నుంచి అప్పగింతల దాకా పెళ్లంతా వెతికాడు. చుట్టాలున్నారు, వంటవాళ్లున్నారు, పందిట్లో దూరిన కుక్క కూడా ఉంది. ఆమె లేదు. ఆమె పడ్డ ముక్కలన్నీ ఎడిటింగులో తనే కోసి పారేశాడు. ఒక్కచోట మాత్రం నాలుగు వేళ్లు కనిపించాయి. వాటికి అడ్డంగా తన మోచెయ్యి.

ఐలేశానికి సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు.

"ఫోటో లేదు తమ్మీ. గొంతు ఉంది. పాట మెమరీ కార్డుల ఎక్కించి ఇస్త."

"గదన్న ఇయ్యన్నా. ఇంటికాడ ఇనుకుంటం."

పాట ఎక్కుతోంది. ఐలేశమే అడిగాడు.

"పెండ్లోళ్లు మీకు సుట్టాలా?"

"ఏం గాము. గొర్ల మందను మళ్లేసుకొని ఊరికి పోతున్నం. రోడ్డు మీద పెండ్లి ఫ్లెక్సీ ఉంటే, ఊరి పేరు, తండ్రి పేరు సదివి ఇనిపిచ్చిన. గంతే, మందను నా మీద ఇడిసి ఉరికింది."

"మరి తనెవరో పెండ్లోళ్లకెందుకు చెప్పలే?"

"ఎరికున్న ఒక్క మనిషి, ఆ పిల్ల నాయినమ్మ, ఎన్నడో పోయింది. ఇగ చెప్పుడెందుకు, సూసొస్తే సాలన్నది."

"ఏం ఎరిక?"

మల్లప్ప కార్డు అందుకుని రుమాలులో జాగ్రత్తగా ముడివేసుకున్నాడు.

"సుస్మిత పుట్టంగనే తల్లిని పట్నం దవాఖానల ఏశిన్రు. తండ్రి ఆమె ఎంబడే ఉండె, బిడ్డ నాయినమ్మ కాడ. గప్పుడు మా మంద ఆళ్ల చేన్ల ఉండె. తల్లి తిరిగొచ్చేదాంక మా అమ్మ నాకు మేకపాలు తాపి, ఆ బిడ్డకు తన పాలిచ్చింది."