ఏడో రేకు

“ఇది ఎడమచేతి అల్లిక,” అంది మాణిక్యాంబ, ఎర్ర దారంతో అల్లిన పువ్వును వెలుతురుకు పట్టి చూస్తూ. “అన్ని పువ్వులూ ఒకవైపు తిరిగితే ఇది రెండోవైపు తిరిగింది. పైగా ఏడు రేకులుండాలా, ఆరే ఉన్నాయి. దారం కూడా తెంపలేదు.”

పావని చేతిలో కత్తెర ఆగిపోయింది.

నరసాపురంలోని ఆ లేసు సెంటర్లో స్టీలు బిందె పెట్టింది పావనే. చిన్నప్పటి దెబ్బలు, అవమానాలు ఇంకా మనసులో సలుపుతున్నవాళ్లు పేరు చెప్పక్కర్లేదు, ఒక ఎర్రపువ్వు అల్లి అందులో వేస్తే చాలు. మొదటి నెల పదకొండు వచ్చాయి. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్లతో కలిపి నాలుగువందలు దాటాయి. నాలుగు తగిలిస్తేనే పిల్లలు బాగుపడతారని చెప్పే పెద్దమనుషులు వీధికో పదిమంది ఉన్న ఊరు మరి. పువ్వులన్నీ తెరలా కుట్టి, ఆదివారం గోదావరి దాటడానికి పంటు ఎక్కేవాళ్లకి కనబడేలా రేవులో కడతారు. పువ్వు పెద్దవాళ్లదైతే మౌనంగా గౌరవిస్తారు. పసిపిల్లలదని తెలిస్తే మాత్రం హింసించినవాళ్ల పేరు మైకులో చదువుతారు. ఆ నియమం పెట్టిందీ పావనే.

“ఎడమచేత్తో సూది పట్టేది నాకు తెలిసి మీ వర్షిణి ఒక్కతే,” మాణిక్యాంబ గొంతు తగ్గించింది. “నిన్న లేసు ఇవ్వడానికి మీ అమ్మగారితో వచ్చింది కూడాను.”

పావనికి ఒళ్లు మండిపోయింది. తన ఎనిమిదేళ్ల కూతుర్ని ఎవరు బాధపెట్టారో ఒకర్ని అడగాలా? చిన్నప్పుడు అన్నం తిన్నా, అక్షరం దిద్దినా, తన ఎడమచెయ్యి ముందుకొస్తే చాలు, లేసు సూది కాల్చి వేళ్లమీద వాత పెట్టిన తల్లి ఇంట్లోనే ఉంది. ముప్పై ఏళ్లయినా ఆ నాలుగు మచ్చలు పోలేదు.

“పేరు రాసుకోండి పిన్నిగారూ. సంపూర్ణమ్మ. మా అమ్మ.”

“ఒకసారి కనుక్కుని...”

“నన్ను కాల్చినప్పుడు ఎవరైనా కనుక్కున్నారా?”

పువ్వు పట్టుకుని విసవిసా ఇంటికి నడిచింది. సంపూర్ణమ్మ అరుగుమీద కూర్చుని తెల్లదారం అల్లుతోంది. ఆమె కుడిచేతి వేగం ఊరంతా చెప్పుకుంటారు.

“పిల్లని ఏం చేశావు?”

“నేనేం చేశానే?”

పావని పువ్వును ఆమె ఒళ్లోకి విసిరింది. “భయపడి ఆరో రేకు దగ్గరే వదిలేసింది. ఈసారి ఏం పెట్టి కాల్చావు?”

“దాన్ని నేను ముట్టుకోలేదు.”

“నన్నూ ముట్టుకోలేదా?” పావని ఎడమచెయ్యి ఆమె మొహం ముందు చాపింది. “నీ ఎడమ బొటనవేలు చిన్నప్పుడు తలుపు సందులో పడి వంకరపోయిందంటావుగా. తలుపుకి తెలివి లేదు. నువ్వు మనిషివి కదా!”

సంపూర్ణమ్మ ఎడమచేతిని కొంగులో దాచుకుంది. “ఆ చెయ్యి వాడే ఆడపిల్లని ఎవరూ బతకనివ్వరే,” అంది మెల్లగా.

“ఎవరో ఎందుకు, నువ్వే బతకనివ్వలేదు!”

ఆ అరుపుకి వర్షిణి లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది. దాని చేతిలో మూరెడు ఎర్ర గొలుసు అల్లిక వేలాడుతోంది.

“ఆ పువ్వు నాది కాదమ్మా. నాకింకా గొలుసు వరకే వచ్చు. రేకులు రేపట్నుంచి నేర్పుతానంది అమ్మమ్మ.”

“భయపడకు తల్లీ. ఆవిడ ముందే చెప్పు.”

“నిజంగా నాది కాదు.”

పావని కూతురి రెండు చేతులూ తిప్పి తిప్పి చూసింది. ఒక్క మచ్చ లేదు. ఊపిరి పీల్చుకుంది గానీ కోపం దిగలేదు.

“ఎవరిదైనా సరే. ఆదివారం నీ పేరు చదువుతాను. నా చెయ్యి చాలు సాక్ష్యానికి.”

“చదువు,” అంది సంపూర్ణమ్మ. “నిన్ను కాల్చింది నేనే. అందరి ముందూ వచ్చి నిలబడతాను. ఆ పువ్వు మాత్రం సగంలో కట్టకండి.”

ఒళ్లోంచి పువ్వు తీసి, వేలాడుతున్న దారం సరిచేసుకుంది.

సూదిని ఎడమచేతిలోకి మార్చుకుంది.